ఎడమ పక్క వేళ

మనిషి తన ఇష్టం వచ్చిన పక్కకు తిరిగి పడుకోవడమే సకల అనర్థాలకూ మూలమని మా ఆసుపత్రి ఏనాడో కనిపెట్టింది. మంచాన పడ్డవాళ్ళకు ఒంటి మీద పుండ్లు పడకుండా, ఎవరిని ఏ వేళకు ఏ పక్కకు తిప్పాలో ఒక యాప్ చెబుతుంది. తిప్పి ఫోనులో నొక్కితే ఆకుపచ్చ. ఆలస్యమైతే ఎరుపు, పైగా హాల్లో బోర్డు మీద నా ఫోటో.

నేను ఆరోగ్య సహాయకుణ్ణి. (దుప్పట్లు మార్చడం, ఒళ్ళు తుడవడం, బెడ్‌పాన్ పెట్టడం. చుట్టాలతో మాత్రం "వైద్యరంగం" అంటాను.)

కిటికీ పక్క మంచం కండక్టర్ తాతది. పక్షవాతం, తనంతట తాను దొర్లలేడు. సాయంత్రం దాకా ఎవరినీ లోపలికి రానివ్వరు కనక, ఆయన భార్య మామ్మ మధ్యాహ్నమే వచ్చి ఎదురుగా బస్టాపులో నిలబడి చెయ్యి ఊపుతుంది. సరిగ్గా అప్పుడే యాప్ "ఎడమ" అంటుంది. ఎడమంటే గోడ.

"కాసేపు ఆగరా నాయనా, మీ మామ్మ వచ్చే వేళ."

"యాప్ ఒప్పుకోదు తాతా."

"దానికి పెళ్ళయిందా?"

"లేదు."

"అదీ సంగతి!"

గోడకే తిప్పాను. నేను పిరికివాణ్ణి కాను, క్రమశిక్షణ గలవాణ్ణి. (మా ఆవిడ దీనికి వేరే పేరు పెట్టింది.) అయినా మనసొప్పక పక్కల పర్యవేక్షణాధికారికి మొరపెట్టుకున్నాను. ఆయన స్వయంగా విచ్చేసి, నేలకు బిగించిన ఆ మంచం చుట్టూ ఒకసారి తిరిగి, "కిటికీని ఎడమకు మార్చే అధికారం నాకు లేదయ్యా" అని నిట్టూర్చి వెళ్ళిపోయాడు.

దాంతో నా బుర్ర పాదరసంలా పనిచేసింది. తాతను గోడకు తిప్పి, నేనే కిటికీలో నిలబడి ఆయన తరఫున చెయ్యి ఊపడం మొదలుపెట్టాను.

"గొడుగు తెచ్చుకుందా?" అనేవాడు తాత, గోడ వైపు చూస్తూ.

"తెచ్చుకుంది తాతా."

"నవ్విందా?"

"నవ్వింది." (నా వాలకం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది.)

నిన్న మెమో వచ్చింది: "పని వేళల్లో పరస్త్రీకి సైగలు." వెంటనే కిటికీ అద్దానికి తెల్ల కాగితం అంటించారు.

ఇవాళ ఫోనులో యాప్ మోగింది. తాతను ఎడమకు తిప్పాను. బయట వాన దంచుతోంది.

"వచ్చిందా?"

"వచ్చింది తాతా."

"గొడుగు తెచ్చుకుందా?"

కాగితం వైపు చూశాను. "తెచ్చుకుంది" అని చెప్పి, యాప్ నొక్కాను. ఆకుపచ్చ వచ్చింది.

తాత ఒంటి మీద ఒక్క పుండు లేదు.