విశ్వం మొదలైన వంటగది

విశ్వం ఎక్కడో ఒకచోట మొదలై తీరాలని మూలస్థానాల శాఖ తీర్మానించింది. చోటంటూ లేకపోతే కంచె ఎక్కడ వేయాలి, బోర్డు ఎక్కడ పాతాలి, అధికారులు తనిఖీకి ఎక్కడికి వెళ్ళాలి? అందుకని ఒక యాప్ విడుదల చేసి, ఆ చోటు తెలిసిన పౌరులు అక్కడ నిలబడి మీట నొక్కాలని కోరింది. (తెలియనివారు కూడా అదే మీట నొక్కాలి. వేరే మీట లేదు.)

మా అన్నయ్య బడిలో సైన్సు చెబుతాడు. ఎక్కడ తప్పు కనబడినా దిద్దకుండా ఉండలేడు. విశ్వం ఫలానా చోట మొదలైందనడం అపోహ, అన్ని చోట్లా ఒకేసారి మొదలైంది అని యాప్‌లో రాశాడు. అలాంటి చిరునామా లేదంది యాప్. మంచినీళ్ళకని వంటగదిలోకి వెళ్ళి, అక్కడ నిలబడి మళ్ళీ నొక్కాడు. ఈసారి ఒప్పుకుంది.

మర్నాడు పొద్దున్నే ఇన్‌స్పెక్టరు దిగాడు. ఆ వంటగదిలో మా వదిన వీధిలోని కుట్టుపనివాళ్ళందరికీ మధ్యాహ్నం భోజనం వండి పంపుతుంది. మా ఇల్లు నడిచేది ఆ వంట మీదే. అన్నయ్య జీతం మీద అన్నయ్య పుస్తకాలు నడుస్తాయి.

ఇన్‌స్పెక్టరు పొయ్యి వెనక గోడను వేలితో రాసి చూశాడు. "పేలుడు ఆనవాళ్ళు స్పష్టంగా ఉన్నాయి."

"అది పొయ్యి మసండీ," అంది వదిన.

"అసలు పేలుడే కాదు సార్," అన్నాడు అన్నయ్య. "ఏదీ పేలలేదు. స్థలమే సాగింది."

"సాగి ఎవరి స్థలంలోకి వెళ్ళింది?"

"ఎవరి స్థలంలోకీ కాదు. దానికి బయట అంటూ ఏమీ లేదు."

"ఆక్రమణదారులందరూ ఇదే మాట చెబుతారు మాస్టారూ. సరే, అంతకు ముందు ఇక్కడేముండేది?"

ఆ ప్రశ్నకి శాస్త్రవేత్తల దగ్గరే నికరమైన జవాబు లేదని చెప్పబోయాడు అన్నయ్య. ఈలోపు వదిన చెప్పేసింది: "సామాన్ల గదండీ."

ఇన్‌స్పెక్టరు మొహం విప్పారింది. వంటగదికి తాళం వేసి సీలు కొట్టాడు. మూలస్థానంలో నిప్పు రాజేయడం, కూరలు తరగడం, గిన్నెలు తోమడం నేరాలట. పొయ్యి మీద సగం ఉడికిన అన్నం లోపలే ఉండిపోయింది. (దాన్ని విశ్వపు తొలినాటి పదార్థంగా భద్రపరిచారు.)

"లోకానికి పాఠం చెప్పకపోతే మీకు తెల్లారదా?" అంది వదిన అన్నయ్యతో. "మధ్యాహ్నం వాళ్ళకి అన్నమెవరు పెడతారు, మీ యాపా?"

ఆవిడ చేతులు ఖాళీగా ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు చాలా బాధేసింది. కాసేపటికి తనే లేచి, మా ఇద్దరినీ వెంటబెట్టుకుని శాఖ కార్యాలయానికి బయల్దేరింది.

"అయ్యా, మీవాళ్ళు ఈయన మాట సగమే విన్నారు," అంది పెద్ద అధికారితో. "మా వంటగదిలో మొదలైంది, నిజమే. అందరి ఇళ్ళలోనూ మొదలైంది. మరి నా ఒక్కదాని పొయ్యికే తాళమా? నాకొక్కదానికే ఈ అన్యాయమేంటండీ?"

పెద్ద అధికారి ధర్మాత్ముడు. వివరించమని అన్నయ్యను అడిగాడు. అంతకన్నా ఏం కావాలి? అన్నయ్య బల్ల మీది ఫైలుకున్న రబ్బరు బ్యాండు లాక్కుని, దాని మీద చుట్టూ చుక్కలు పెట్టి సాగదీశాడు. చుక్కలన్నీ ఒకదానికొకటి దూరం జరిగాయి. వాటిలో ఇది నడిమిదని చెప్పగలిగే చుక్క లేదు. అధికారి కళ్ళు వెలిగాయి. శాఖ చరిత్రలో ఒక అపోహ తొలగిపోవడం అదే మొదలు.

అక్కడికక్కడే సవరణ ఉత్తర్వు తయారైంది. విశ్వం అన్ని చోట్లా మొదలైంది గనక ఇకమీదట అన్ని వంటగదులూ, పడకగదులూ, అంగళ్ళూ, బడులూ రక్షిత మూలస్థానాలే; తాళాలు సరఫరా అయ్యేకొద్దీ వేయబడును. (శాఖ కార్యాలయానికి మినహాయింపు ఉంది. అక్కడ ఎన్నడూ ఏదీ మొదలైన దాఖలాలు లేవు.)

వదిన ఉత్తర్వు మొత్తం చదివింది. "మరి నా వంటగదో?" అంది.

"మీకొక్కరికే అన్యాయం జరిగిందన్నారు కదమ్మా," అన్నాడు అధికారి ఎంతో మర్యాదగా. "దాన్ని సరిదిద్దాం."