ఖోర్ ఫక్కాన్ పిక్నిక్‌కి ఒక నల్ల పిస్తోలు

శుక్రవారం పొద్దున టిఫిను తిని, సూరిబాబు షార్జాలోని రోలా బజారుకెళ్ళి చిన్న పిస్తోలొకటి కొందామనుకున్నాడు. నిజందైతే జైల్లో వేసి, ఆనక విమానమెక్కిస్తారని తెలుసు కాబట్టి, పిల్లలాడుకునే నీళ్ళ పిస్తోలే. మర్నాడు ఆఫీసంతా ఖోర్ ఫక్కాన్ కొండల్లోకి పిక్నిక్. కిందటేడు అక్కడ కుక్కలు వెంటపడితే అతను కారు మీదికెక్కి కూర్చుని, అందరి బిర్యానీ వాటికి విసిరేశాడు. కుక్క ముందు నిలబడలేనివాడు కస్టమరు ముందేం నిలబడతాడని మేనేజరు రత్నాకర్ అప్పట్నుంచీ దెప్పుతూనే ఉన్నాడు. ఆఫీసులో ఆయన్ని అందరూ అరబ్బీలో ముదీర్, అంటే మేనేజరు, అంటారు. ఇప్పుడేమో సెక్షనులో ఒకరిని తీసేస్తారని గుసగుస. తీస్తే సూరిబాబునో, పక్క సీటు పర్శరాములునో.

దుకాణంలో సూరిబాబు ఒక్కో పిస్తోలునీ జేబులో పెట్టి, నడుముకి దోపి, అద్దంలో చూసుకున్నాడు. భార్య సుభద్ర పెద్ద గులాబీరంగుది తీసిచ్చింది. నీళ్ళెక్కువ పడతాయట.

"అది చూస్తే కుక్కలు నవ్వుతాయే."

"నవ్వే కుక్క కరవదు కదండీ."

చివరికి అరచేతిలో ఇమిడే నల్లది కొన్నాడు. అచ్చం నిజందానిలాగే ఉంది. ఉత్త నీళ్ళకి కుక్కలు బెదరవని ఇంట్లో ఆవకాయకని దాచిన కారం కలిపారు. మూతి పూడుకుపోకుండా సుభద్ర దాన్ని పాత పంచెలో వడకట్టింది.

మర్నాడు కొండదారి కుదుపులకి నడుముకి దోపుకున్న పిస్తోలు బిరడా వదులైంది. ఆ సంగతి సూరిబాబుకి చాపల మీద అందరూ కూర్చున్నాక తెలిసింది. రత్నాకర్ పట్టుకారుతో మాంసం తిప్పుతూ, ఈ ఏడాది వ్యాపారం బాగాలేదని, బాధైనా ఒకరిని పంపక తప్పదని చెబుతున్నాడు. సరిగ్గా అప్పుడే కారం నీళ్ళు చేరకూడని చోటికి చేరాయి.

సూరిబాబు లేచాడు. మొహం కందిపోయింది. కళ్ళలో నీళ్ళు. ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని తిన్నగా ముదీర్ వైపు నడిచాడు. నీళ్ళ క్యాను ఆయన వెనక ఉంది మరి. ఏమైందోనని పర్శరాములు పట్టుకోబోయాడు. చొక్కా పైకి లేచింది. నల్లటి పిడి కనిపించింది.

"అన్నా, జర ఆగే," అన్నాడు పర్శరాములు వెనక్కి జరుగుతూ. "పిల్లలున్నోళ్ళం."

రత్నాకర్ పట్టుకారుతో సహా రెండు చేతులూ పైకెత్తాడు.

"సూరీ, నీ జాబ్ ఎక్కడికీ పోదు. ఖలాస్, ఇంక ఆ మాటే లేదు. నేను తీసేది పర్శరాములును."

"నన్నా సార్?" అన్నాడు పర్శరాములు. చెయ్యెత్తాలో దించాలో అతనికి తోచలేదు.

అప్పటికిగాని సూరిబాబుకి సంగతి బోధపడలేదు. నోరు మూసుకుని కాసేపు నిలబడితే చాలు, ఉద్యోగం నిలుస్తుంది. కానీ పర్శరాములు తనవైపే చూస్తున్నాడు, అడగడానికేమీ లేని చూపు. పైగా తొడలు మండిపోతున్నాయి. సూరిబాబు పిస్తోలు బయటికి లాగాడు. జనం బోర్లా పడ్డారు.

"నీళ్ళ పిస్తోలు సార్. కుక్కల కోసం తెచ్చాను."

నమ్మించడానికి ఆకాశంలోకి పేల్చాడు. చుక్క రాలేదు. ఉన్నదంతా ప్యాంటులోనే ఉంది. ఇక ఆగలేక క్యానెత్తి ఒంటి మీద కుమ్మరించుకున్నాడు. ఐస్ పెట్టె వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. చేతులింకా పైనే ఉన్న రత్నాకర్ మాత్రం నవ్వలేదు. పొయ్యి మీద మాంసం మాడిపోయింది.

సోమవారం రత్నాకర్ సూరిబాబును గదిలోకి పిలిచాడు. పర్శరాములు ఉంటాడని చెప్పాడు. పిక్నిక్ మాట ఎత్తలేదు. ఆఫీసు ఖర్చులు తగ్గించడం తప్ప వేరే కారణమేమీ లేదన్నాడు, రెండు చేతులూ బల్ల కింద పెట్టుకుని.