వియ్యంకుల డబుల్స్

ఆదివారం తెల్లవారుతూనే మారెప్ప యరమరస్ నుంచి రాయచూరుకు సైకిలు తొక్కుతూ ఆ రోజు ఎలా గడవాలో లెక్క వేసుకున్నాడు. ఏడింటికి ఆట. ఎనిమిదింటికి పెద్దసాబ్ గెలుపు. ఆ ఊపులోనే సంతకం. పదింటికల్లా పక్కా నౌకరీ కాగితం తీసుకెళ్లి భార్య సుంకవ్వ చేతిలో పెట్టడం. ఇంత చక్కటి పథకం కాలువ తవ్విన ఇంజనీర్లు కూడా వేసి ఉండరు.

మారెప్ప ఆ కాలువ ఇంజనీర్ల క్లబ్బులో టెన్నిస్ మార్కరు. అంటే కోర్టుకు నీళ్లు చల్లి, రోలరు లాగి, సున్నంతో గీతలు గీసి, ఆ తర్వాత అధికారుల పక్కన జోడీగా నిలబడి ఆడేవాడు. ఆడేది డబుల్సే. సింగిల్స్ ఆడితే అధికారులు పరుగెత్తాలి, అది వాళ్ల ఒంటికి పడదు. డబుల్స్‌లో పరుగు మారెప్పది, పేరు అధికారిది. ఎదుటివాడి వయసు, పొట్ట, హోదా చూసి బంతి వేయడంలో జిల్లా మొత్తంలో అతన్ని మించినవాడు లేడు. పద్నాలుగేళ్లుగా రోజుకూలీ మీద ఇదే విద్య. ఇన్నాళ్లకు ఒకే ఒక్క పక్కా పోస్టు మంజూరైంది. దానికి లింగసుగూరు క్లబ్బు మార్కరు ఆంజనేయ కూడా అర్జీ పెట్టుకున్నాడు.

"కాయితం లేకుంటె ఇంటికి రాకు," అని సుంకవ్వ బయల్దేరేటప్పుడే చెప్పింది. "పద్నాలుగేండ్ల సంది అందర్ని గెలిపిస్తున్నవ్. నువ్వెప్పుడు గెలుస్తవ్?"

క్లబ్బు గేటు దగ్గర చిన్న ఇంజనీరు గురురాజ్ కాచుకుని ఉన్నాడు. కాగితం మీద సంతకం చేయాల్సింది ఆయన పై అధికారి, పెద్ద ఇంజనీరు వీరభద్రయ్య.

"మారెప్పా, నువ్వు పెద్దసాబ్ దిక్కు, ఆంజనేయ నా దిక్కు. పెద్దసాబ్ గెలవాలె. మేమిద్దరం ఓడిపోతం, ఆంజనేయకు చెప్పిన. సమజైందా?"

"గీ మాత్రం దానికి చెప్పాల్నా సాబ్!" అన్నాడు మారెప్ప. అవతలివాళ్లే ఓడిపోతామంటుంటే ఇంకేం కావాలి?

ఆట మొదలైంది. మారెప్ప హుషారుగా ఒక బంతిని గురురాజ్ కాళ్ల దగ్గర దంచాడు. కుర్చీలో కూర్చుని చూస్తున్న గురురాజ్ భార్య అహల్య పకాలున నవ్వింది.

"ఏంది అన్నగారూ, పిల్లనిచ్చేటోళ్లు మా మీదికి గింత గట్టిగ వస్తున్నరు?"

ఆమె వేళాకోళానికే అంది. వీరభద్రయ్య ముఖం మాత్రం పాలిపోయింది. మారెప్పను వెనక గీత దాకా లాక్కుపోయాడు.

"ఎంత పని చేస్తివిరా! మొన్ననే మా బిడ్డ కన్యకను వాళ్ల పిల్లగానికి ఖాయం చేసిన. ఆడపిల్ల తండ్రి వియ్యంకుణ్ణి ఓడగొడ్తడా? ఓడు. ఓడకుంటె కాయితం సంగతి మర్చిపో."

మారెప్ప పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. ఆఫీసులో గురురాజ్ ఈయన ముందు నిలబడాలి. వియ్యంలో ఈయన గురురాజ్ ముందు నిలబడాలి. మరి టెన్నిస్ కోర్టు ఆఫీసు కిందికి వస్తుందా, వియ్యం కిందికి వస్తుందా? ఆ సంగతి పద్నాలుగేళ్లలో అతనికి ఎవరూ చెప్పలేదు.

సరే, సంతకం పెట్టే చెయ్యి ఓడమంటే ఓడటమే. మారెప్ప సర్వీసు నెట్‌లో వేశాడు. ఆ తర్వాత ఆంజనేయ తన సర్వీసు కంచె అవతలి తుమ్మ చెట్ల దాకా పంపాడు. వీరభద్రయ్య నెట్‌లో కొట్టాడు. గురురాజ్ అంతకంటే శ్రద్ధగా నెట్‌లో కొట్టాడు. ఎవరు సర్వీసు చేస్తే వాళ్లే ఓడుతున్నారు గనక ఎవరికీ రెండు గేముల ఆధిక్యం రాదు, అది వస్తేగాని ఆట ముగియదు. ఆరు ఆరు. తొమ్మిది తొమ్మిది. పన్నెండు పన్నెండు. రాయచూరు ఎండ నెత్తికెక్కింది. వీరభద్రయ్య కళ్లు తేలేస్తున్నాడు. ఈయన పడిపోతే సంతకం ఎవరు చేస్తారు? మారెప్ప రాకెట్ కింద పెట్టి ముందుకొచ్చాడు.

"సాబ్, ఒక్క మాట," అన్నాడు చేతులు కట్టుకుని. "మీరు బావా బావా ఒక దిక్కుండ్రి. నేను, ఆంజనేయ ఒక దిక్కుంటం. మల్ల కొత్తగ ఆడుదం."

ఇద్దరు ఇంజనీర్ల ముఖాలూ వెలిగిపోయాయి. ఒకే పక్కన ఉంటే ఇద్దరూ కలిసి గెలవచ్చు! అయితే అప్పటికే తప్పుడు బంతులు చూసి చూసి వీరభద్రయ్యకు విసుగు పుట్టింది.

"ఇంక ఎవడన్న బంతి నెట్ల కొట్టినా, గీత దాటించినా, వాని అర్జీ చింపేస్త," అన్నాడు మార్కర్లిద్దరినీ చూసి.

మార్కర్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని, పసిపిల్లకు పాలు పట్టినంత మెత్తగా బంతిని ఇంజనీర్లిద్దరి నడుమ వేశారు.

"సార్, మీరు కొట్టుండ్రి," అన్నాడు గురురాజ్.

"అయ్యో, మీరుండంగ నేనా? మీరే కొట్టుండ్రి బావగారూ," అన్నాడు వీరభద్రయ్య.

బంతి వాళ్ల మధ్య నుంచి దొర్లుకుంటూ వెళ్లి కంచెకు తగిలింది. మారెప్ప కంగారుపడి తర్వాతిది గురురాజ్ చేతికే అందించాడు. పై అధికారి కంటే ముందు కొట్టడం మర్యాద కాదని గురురాజ్ పక్కకు జరిగాడు. ఆంజనేయ వీరభద్రయ్యకు అందించాడు. వియ్యంకుడి కంటే ముందు కొట్టడం బాగుండదని ఆయనా జరిగాడు. బయటికి కొడితే అర్జీ చిరుగుతుంది, లోపల వేస్తే గెలుపు వస్తుంది. అరగంటలో మార్కర్లు ఆరు సున్నాతో గెలిచారు.

పద్నాలుగేళ్లలో మారెప్ప తన పేరు మీద గెలిచిన మొదటి ఆట అది. నిజం చెప్పాలంటే లోపల కాస్త సంతోషం కూడా పొంగింది. మరుక్షణమే సుంకవ్వ గుర్తొచ్చింది. పెద్దసాబ్‌ను సున్నాకు ఓడించిన మార్కరుకు ఏ దేశంలో నౌకరీ ఇస్తారు?

కానీ వీరభద్రయ్య మజ్జిగ లోటా దించి హాయిగా నవ్వాడు. "బావగారూ, ఇద్దరం కలిసి ఓడినం. ఎవరికీ తక్కువ కాలే. ఇంత కంటె ఏం కావాలె?" అని పోస్టు కాగితం తెప్పించి కలం తీశాడు. "మీ జోడీ ఆంజనేయ. వాని పేరే రాస్త."

మారెప్ప గుండె జారిపోయింది.

"ఛ ఛ, మీ జోడీ మారెప్ప, సార్. వానికే ఇయ్యాలె," అన్నాడు గురురాజ్.

మారెప్ప గుండె మళ్లీ ఎక్కింది. ఆ తర్వాత అది ఎన్నిసార్లు దిగి ఎన్నిసార్లు ఎక్కిందో అతనికే తెలియదు. చివరికి అహల్య లేచి వచ్చింది.

"అన్నగారూ, ఇద్దరి పేర్లూ రాసి పడేయుండ్రి. పొద్దుగాల ఒకడు, సాయంత్రం ఒకడు. జీతం చెరిసగం. అన్నం చల్లారుతున్నది."

వియ్యపురాలి మాటను కాదనే దమ్ము ఆడపిల్ల తండ్రికి ఎక్కడిది? సంతకం పడింది.

మారెప్ప కాగితాన్ని రొమ్ముకు హత్తుకుని బయటికొచ్చాడు. సగమైనా పక్కాది. రేపు రావద్దనే మొగోడు ఇంక లేడు. పొద్దుటిదాకా పగవాడైన ఆంజనేయ ఇప్పుడు సొంత తమ్ముడిలా కనిపించాడు.

"పొద్దుగాల పూట నువ్వు తీస్కో ఆంజనేయా. చల్లగుంటది."

"నువ్వు పెద్దోనివన్నా. నువ్వే తీస్కో."

"నువ్వు తీస్కోరా అంటున్న గద!"

అలా బస్టాండు దాకా ఒకరినొకరు బతిమాలుకుని, ఎదుటివాడు ఒప్పుకున్నాడని ఎవరికి వారు అనుకుని, ఇద్దరూ తృప్తిగా విడిపోయారు.

సోమవారం పొద్దున కోర్టుకు నీళ్లు చల్లే దిక్కు లేక ఆట జరగలేదు.