చక్రం జారిన రాయికి సన్మానం

చంద్రుడి దగ్గరికి దారి ఫిల్మ్‌నగర్ మీదుగానే వెళ్తుందని కార్పొరేటర్ సూర్యప్రకాశరావుగారు మంగళవారం ఉదయం పదకొండు గంటలకు ప్రకటించారు. అప్పటిదాకా ఆ సంగతి చంద్రుడికి కూడా తెలియదు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మైత్రేయి. కొట్టదూ మరి? ఆ దారి కనిపెట్టింది తనే.

మైత్రేయికి పెళ్లయి మూడు నెలలు. ఫిల్మ్‌నగర్ కొండవాలు మీద రెండు గదుల కిరాయి ఇల్లు. వంటింటి కిటికీలోంచి చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో లారీ అంత రాయి. పొద్దున్నే ఎండ పడితే అది కాసేపు గులాబీరంగులోకి తిరుగుతుంది. సిద్ధార్థ ఆఫీసుకి వెళ్లే ముందు ఇద్దరూ దానిమీద కూర్చుని ఒకే ప్లేట్లో ఉప్మా తింటారు. జీడిపప్పు ఎవరికి ఎక్కువొచ్చిందనే తగువు కూడా ఆమెకి మహా ముద్దుగా ఉంటుంది.

ఒకరోజు బిల్డరు మనుషులు వచ్చి రాయిని టేపుతో కొలిచారు. ఐదంతస్తులు లేవాలంటే ఇది పోవాలన్నారు. ఆ పూట మైత్రేయికి ఉప్మా సహించలేదు. సందు మొదట్లో చాయ్ అమ్మే జగదాంబ దగ్గర వాపోయింది.

"దీన్నెవడు ముడుతడు బిడ్డా? గీ రాయి మీదనే చంద్రుని కాడికి పోయే బండి నడిపిండ్రు," అంది జగదాంబ.

"ఎవరవ్వా?"

"అంతరిక్షమోళ్లు. ఇరవై ఏండ్లాయె. ఆరు చక్రాల బుల్లి బండి. రాయి మీద చక్రం జారుతదా లేదా అని చూసిండ్రు."

"జారిందా?"

"జారకేం? నేనే కాలడ్డం పెట్టి ఆపిన. నాలుగు చాయ్‌లు తాగి పోయిండ్రు."

మైత్రేయి ఎమ్మెస్సీ ఫిజిక్స్. ఆ రాత్రే రెండు పేజీల అర్జీ రాసింది. అందులో జగదాంబ కాలికి ఒక పేరా మొత్తం కేటాయించింది. అర్జీ చదివి సూర్యప్రకాశరావుగారు కళ్లు తుడుచుకున్నారు. పక్క కుర్చీలో ఉన్న బిల్డరు కూడా తుడుచుకున్నాడు.

"కాపాడటం ఎవరైనా కాపాడతారమ్మా," అన్నారు కార్పొరేటర్‌గారు. "మనం సెలబ్రేట్ చేద్దాం."

అదీ దార్శనికత అంటే. ఆ మంగళవారమే చంద్రుడి దారి ప్రకటించేశారు. మర్నాటికల్లా రాయి చుట్టూ తాడు కట్టారు. 'చారిత్రక శిల. తాకరాదు' అని బోర్డు పెట్టారు. కొత్త దంపతులు తాడు అవతల నిలబడి ఉప్మా తిన్నారు. రాయి దక్కితే చాలు, నిలబడితే ఏం పోయిందనుకుంది మైత్రేయి.

ఆదివారం ఉత్సవ కమిటీ కూర్చుంది. సినిమా ఫంక్షన్లు చేయించే కమలాకర్ కన్వీనరు.

"షీల్డు లేకుండా ఫంక్షన్ ఏంది సార్?" అన్నాడతను. "అద్దం రాకెట్ చేయిద్దాం. లోపల ఒరిజినల్ రాయి ముక్క."

"ఎంత ముక్కండీ?" అంది మైత్రేయి కంగారుగా.

"చింతగింజంత మేడమ్. పాతిక షీల్డులు. రాయికి దోమ కుట్టినట్టు కూడా ఉండదు."

సరేనంది. రాకెట్‌లో రాయి! ఆ ఊహ ఆమెకి నచ్చింది కూడా.

లిస్టు పాతికతో ఆగలేదు. సినిమా అంటే ఇరవై నాలుగు క్రాఫ్టులు. అంతరిక్షానికి తాము చేసిన సేవను ప్రతి క్రాఫ్టూ గుర్తుచేసుకుంది. మేకప్ వాళ్లు ఎందరో గ్రహాంతరవాసులకు స్వహస్తాలతో ఆకుపచ్చ రంగు పూశారు. ఫైట్ మాస్టర్లు హీరోల్ని తాళ్లతో గాల్లో తేల్చారు. లైట్‌మన్లు పౌర్ణమిని ఎన్నిసార్లు వెలిగించారో లెక్కే లేదు. లిస్టు పదకొండు వందల నలభైకి చేరింది.

తర్వాత ప్రోటోకాల్ వచ్చింది. అందరికీ చింతగింజే అయితే ఎమ్మెల్యేగారికి ఏం మర్యాద? ఎమ్మెల్యేకి కొబ్బరికాయంత అన్నారు. మంత్రిగారికి గుమ్మడికాయంత. పైగా చింతగింజంత నిఖార్సైన ముక్క కావాలంటే తట్టెడు తరుగు పోతుందట. రాయి కొట్టడానికి కంప్రెసర్ని బిల్డరే ఉచితంగా పంపాడు. ఆయన సేవాభావానికి కమిటీ లేచి నిలబడింది.

కంప్రెసర్ నాలుగు రోజులు మోగింది. వంటింట్లో గిన్నెలన్నీ దానితో శ్రుతి కలిపాయి. ఐదో రోజు మైత్రేయి కిటికీ తెరిస్తే అవతల వీధిలో ఎవరో ఆరేసుకున్న లుంగీ స్పష్టంగా కనిపించింది.

ఆమె కార్పొరేటర్‌గారి దగ్గరికి పరుగెత్తింది. "సార్, రాయి పోయింది!"

"ఎక్కడికి పోతుందమ్మా?" ఆయన ఎంతో శాంతంగా అన్నారు. "ఇదివరకు ఒక్కచోట ఉండేది. ఇక ప్రతి షోకేసులోనూ ఉంటుంది. అసలైన రక్షణ ఇప్పుడే మొదలైంది."

"మరి ఫంక్షన్లో ఏం చూపిస్తారు?"

పక్కనే ఉన్న కమలాకర్ అందుకున్నాడు. "ఫైబర్ రాయి రెడీ మేడమ్. నిజం రాయి కెమెరాలో అస్సలు రాయిలా కనిపించదు."

మహోత్సవం మహా గొప్పగా జరిగింది. ఫైబర్ రాయి మీద ఊదారంగు లైట్లు పడ్డాయి, కింద పొగ లేచింది. ఎండ పడ్డ అసలు రాయికంటే బాగుందని సిద్ధార్థ నోరు జారాడు. మైత్రేయి అతని చెయ్యి గిల్లి, గిల్లినచోట మళ్లీ నిమిరింది. 'శిలా సంరక్షకురాలు' అని ఆమెకి ఒక షీల్డు ఇచ్చారు. 'శిలాదాత' బిరుదు బిల్డరుకి దక్కింది.

అందరూ అయ్యాక, యాంకర్ గొంతు బొంగురుపోయాక, 'స్థానిక మహిళ' అని జగదాంబని పిలిచారు. ఆమె చేతిలో పెట్టిన రాకెట్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏందయ్యా, లోపల ఏం లేదు?"

కమలాకర్ ఆమె చెవిలో చెప్పాడు. "రాయి అయిపోయిందవ్వా. జర నవ్వు, ఫొటో తీస్తున్నరు."

జగదాంబ నవ్వలేదు. స్టేజీ దిగొచ్చి మైత్రేయి పక్క కుర్చీలో కూలబడింది. మైత్రేయి తన షీల్డు ఆమె ఒళ్లో పెట్టి, ఖాళీ రాకెట్ తను తీసుకుంది.

"నాకెందుకు బిడ్డా?"

"కాలడ్డం పెట్టింది నువ్వే కదవ్వా."

వారం తర్వాత, సిద్ధార్థ ఆఫీసుకి బయల్దేరుతుండగా కమలాకర్ రొప్పుతూ గుమ్మంలోకి వచ్చాడు. వెనకాల చదునైన జాగాలో షామియానా లేస్తోంది, పూలు దిగుతున్నాయి.

"మేడమ్, మీ షీల్డు ఒక్క గంట ఇస్తరా? అపార్ట్‌మెంట్‌కి శంకుస్థాపన. ముహూర్తం ముంచుకొచ్చింది. పునాదిలో పెట్టడానికి ఒక్క రాయి దొరకట్లే. మంత్రిగారు తనది వెనక్కి ఇయ్యనంటున్నరు."

"నా దగ్గరున్నది ఖాళీ రాకెట్టే. మీ ఫైబర్ రాయి ఉందిగా?" అంది మైత్రేయి.

"అది మొన్ననే లారీ ఎక్కింది మేడమ్. మోతీనగర్ అవతల ఇంకో రాయిని కాపాడుతున్నరు."