ఒక మహిళ, ఒక సంచి, పది గంటల బండి

ఆ రోజు కార్యదర్శి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు ఇంట్లోంచి బయలుదేరాలి, పది గంటల బండికి స్టేషనులో ఉండాలి, దిగిన అతిథిని తన కారులో సంఘం ఆఫీసుకు తీసుకురావాలి. అంతే. ఇంత చిన్న పనిని చెడగొట్టడం ఒక మనిషి వల్ల అయ్యేది కాదు, దానికి ఒక సంఘం కావాలి.

సంఘం ఉంది. ఊళ్ళోని ఇరవై మూడు ఔట్‌సోర్సింగ్ కంపెనీలు కలిసి పెట్టుకున్నది. ఇతరుల ఫోన్లు ఎత్తడం, ఇతరుల కాగితాలు టైపు చేయడం, ఇతరుల గుమ్మాల దగ్గర కాపలా మనుషులను నిలబెట్టడం వాళ్ళ వృత్తి. ఒక్కొక్కరుగా వెళితే పెద్ద సంస్థలు గేటు దగ్గరే ఆపేస్తాయి. "వీళ్ళకు మాది పూచీ" అని సంఘం వెనక నిలబడితే పిలిచి కుర్చీ వేస్తాయి. ఆ పూచీ ఎంత గట్టిదో చూసి పోవడానికి ఒక బీమా కంపెనీ తన అధికారిణిని పంపుతోంది. ఆమె తల ఊపితే మూడేళ్ళ పని. ఊపకపోతే అందరికంటే ముందు మూతపడేది కార్యదర్శి చెల్లెలి కంపెనీ. రెండు గదులు, ముప్పై రెండు ఫోన్లు, వాటి ముందు ముప్పై రెండు మంది ఆడపిల్లలు. చేతిలో ఉన్న పని నెలాఖరుతో సరి. ఆ సంగతి చెల్లెలు ఏడుస్తూ చెప్పలేదు, నవ్వుతూ చెప్పింది. అందుకే కార్యదర్శికి వారం రోజులుగా నిద్ర సరిగ్గా లేదు.

బూట్లు వేసుకుంటుండగా సంఘం అధ్యక్షుడు ఫోను చేశాడు.

"స్టేషనుకి ఎవరు వెళ్తున్నారు?"

"నేనేనండీ."

"మీరా?" అధ్యక్షుడి గొంతులో నిజంగానే బాధ ఉంది. "మీ పనులు మాకివ్వండి మహాప్రభో అని ఊరంతా తిరిగి చెప్పే సంఘం మనది. మన పని మనమే చేసుకుంటే ఆవిడేమనుకుంటుంది? హోటలు యజమాని ఇంటి నుంచి క్యారేజీ తెప్పించుకున్నట్టుండదూ? పోయిన సభలో తీర్మానం కూడా చేశాం కదండీ, సంఘం పనులన్నీ సభ్యులకే అని!"

"చేశామండీ. కానీ ఇది పావుగంట పని..."

"పావుగంట పనిలోనే మన పనితనం కనపడాలి. అది నాకొదిలేయండి. మీరు హాలు సంగతి చూడండి."

కార్యదర్శి ఫోను పెట్టేసి, కారు తాళాలు మళ్ళీ మేకుకు తగిలించాడు. భార్య వంటింటి గుమ్మంలోంచి చూస్తోంది.

"ఏమండీ, కారు మనది, రోడ్డు అందరిదీ. మధ్యలో ఆయన అనుమతి దేనికి?"

"తీర్మానం చేశామే."

"అలాగా. మరి కాఫీ మీరే తాగుతారా, ఎవరైనా సభ్యుడికి ఇవ్వమంటారా?"

ఇలాంటి మాటలకు జవాబు చెప్పకూడదని అతను పాతికేళ్ళ కాపురంలో నేర్చుకున్నాడు. కాఫీ తానే తాగి, ఆఫీసుకు వెళ్ళాడు.

అక్కడ జిరాక్స్ మిషను అతని కోసమే ఎదురుచూస్తున్నట్టుంది. స్వాగత ప్రసంగం కాగితాలు పెట్టగానే రెండు నమిలి, మూడోది సగం మింగి, ఎర్రదీపం వెలిగించి కూర్చుంది. బాగుచేసే వాళ్ళకు ఫోను చేస్తే, అరగంటలో మనిషిని పంపుతామన్నారు. ఈలోగా లోపలికి చేయి పెట్టి కాగితం లాగబోతే చొక్కా చేతికి మోచేతిదాకా నల్లపొడి అంటుకుంది. సరిగ్గా అప్పుడు, పదింటికి పది నిమిషాలుందనగా, చెల్లెలు ఫోను చేసింది.

"అన్నయ్యా, ఒక్క సాయం చేసిపెడతావా? స్టేషనులో ఎవరో దిగుతున్నారట. తీసుకురావడానికి మనిషిని వెతికిపెట్టమని నాకు పని వచ్చింది. అయిదుగురు డ్రైవర్లకి ఫోను చేశాను, ఒక్కడూ ఖాళీగా లేడు. నీ కారుంది కదా."

"ఎవరు దిగేది?"

"తెలీదు. చీటీలో ఇంతే ఉంది. ఒక మహిళ, ఒక సంచి, పది గంటల బండి."

"పంపింది ఎవరు?"

"ఎలా చెప్తాను? నాలుగో నిబంధన రాసింది నువ్వేగా!"

రాసింది అతనే. పని ఎవరిదో కిందివాళ్ళకు చెప్పరాదు, పని ఎవరికి ఇచ్చామో పైవాళ్ళకు చెప్పరాదు అన్నదే ఆ నిబంధన. పెద్ద కంపెనీల గుట్టు బయటికి పొక్కకుండా ఉండాలని నాలుగు రోజులు కూర్చుని రాశాడు. దానికి సభలో చప్పట్లు కూడా పడ్డాయి.

ఆ క్షణంలో అతను కొంచెం ఆలోచించి ఉంటే బాగుండేది. కానీ చేయి మిషనులో ఉన్న మనిషికి ఆలోచన ఎక్కడ తడుతుంది? పైగా పది గంటల బండిలో వెయ్యిమంది దిగుతారు, అందులో సగంమంది చేతుల్లో సంచులుంటాయి.

"అమ్మా తల్లీ, ఇక్కడ నా తల ప్రాణం తోకకొచ్చింది. నా వల్ల కాదు. ఇంకెవరికైనా చెప్పుకో!" అని ఫోను పెట్టేశాడు.

పది దాటాక ఫోనులోకి అధ్యక్షుడి సందేశాలు రావడం మొదలైంది. "అతిథి విషయం సమర్థుల చేతుల్లో ఉంది." పది నిమిషాలకు, "ఏర్పాట్లు చివరి దశలో ఉన్నాయి." మరో పది నిమిషాలకు, "పని పూర్తయింది. అతిథి బయలుదేరారు." కార్యదర్శి హమ్మయ్య అనుకుని, చేయి కడుక్కోవడానికి వెళ్ళాడు.

అతను తిరిగొచ్చేసరికి సర్వే చేసే సభ్య కంపెనీ నుంచి కూడా నివేదిక వచ్చి ఉంది. ఏ పనైనా పూర్తయిందనగానే వాళ్ళు ఫోను చేసి మార్కులు అడుగుతారు. ఆ ఒక్క కంపెనీ మాత్రం గడియారంలా పనిచేస్తుంది. నివేదికలో ఇలా ఉంది: డ్రైవరు ప్రవర్తన గురించి అతిథి మాట, "చాలా నిశ్శబ్దంగా ఉన్నాడు. ఉన్నాడో లేడో కూడా తెలియలేదు." అయిదుకు అయిదు మార్కులు.

"చూశారా!" అన్నాడు అప్పుడే వచ్చిన అధ్యక్షుడు, పూలగుత్తితో. "మీరు వెళ్ళుంటే దారంతా వాగేవారు."

పదకొండుకు అయిదు నిమిషాలుండగా గుమ్మంలో ఒక మహిళ కనిపించింది. చేతిలో ఒక సంచి ఉంది. బీమా కంపెనీ అధికారిణిని ఉత్తరాల్లో తప్ప చూసినవాళ్ళు ఎవరూ లేరు. సభ్యులందరూ ఒక్కసారిగా లేచారు. అధ్యక్షుడు పూలగుత్తి ఆమె చేతిలో పెట్టి, వద్దంటున్నా వినకుండా వేదిక మీద కూర్చోబెట్టి, పన్నెండు నిమిషాలు స్వాగతం పలికాడు. ఆమె సంచి ఒళ్ళో పెట్టుకుని ఓపిగ్గా విన్నది.

"ఇప్పుడు మీరు రెండు మాటలు చెప్పాలి," అన్నాడు అధ్యక్షుడు.

"ఏం చెప్పమంటారండీ? పాడైంది ఏదో చూపిస్తే చూస్తాను."

హాల్లో సభ్యులు ముఖముఖాలు చూసుకున్నారు. ఎంత కచ్చితమైన మనిషి! అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "మా దగ్గర ఏదీ పాడవదండీ."

"మరెందుకు పిలిపించారు?"

"మీరే చూసి తృప్తిపడాలని..."

"ఏదీ పాడవకపోతే నేను చూసేదేముంది? ఇంకో రెండు చోట్లకి వెళ్ళాలి నేను." ఆమె సంచి తెరిచి స్క్రూడ్రైవరు బయటికి తీసింది. "మిషను ఎక్కడండీ?"

ఈమె జిరాక్స్ మిషను బాగుచేయడానికి వచ్చిన మనిషని కార్యదర్శికి అప్పుడు తట్టింది. అయ్యవారిని చేయబోతే కోతి అయిందంటారు. ఇక్కడ కోతి అయింది అతిథి కాదు, హాల్లో ఉన్న ఇరవై మూడు మందీను. వచ్చినావిడను పూలగుత్తితో సహా మిషను గదిలోకి పంపించాడు.

"అయితే అసలావిడ ఏరీ?" అని అధ్యక్షుడి మీద విరుచుకుపడ్డాడు.

"బయలుదేరారని వచ్చిందే!"

"ఎవరు చెప్పారు?"

"నేను పనిచ్చినాయన చెప్పాడు. ఆయన పేరు చెప్పకూడదు కదా. నాలుగో నిబంధన..."

అప్పుడు వీధి తలుపు తెరుచుకుంది. ముందు చెల్లెలు, నెత్తిన హెల్మెట్. వెనక కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ, స్కూటరు గాలికి జుట్టంతా చెదిరి, భుజాన సంచితో ఉంది.

"అన్నయ్యా, వీరు బీమా కంపెనీ నుంచి," అంది చెల్లెలు మెల్లగా. "గంట నుంచి స్టేషనులో నిలబడున్నారు. చివరికి ఉత్తరంలో ఉన్న సంఘం నంబరుకి ఫోను చేశారు. సంఘం ఫోను ఎత్తేది మా కంపెనీయే కదా. మా అమ్మాయి 'మీ సమస్య మాకు ముఖ్యం, దయచేసి వేచి ఉండండి' అని కాగితం చూసి చదువుతుంటే, 'ఎంతసేపమ్మా, నా చేతిలో సంచి కూడా బరువుగా ఉంది' అన్నారట. సంచి అనగానే నాకు చీటీ గుర్తొచ్చింది. పేరడిగి, స్కూటరు తీసుకుని పరుగెత్తాను."

కార్యదర్శికి ముందు సిగ్గేసింది, తర్వాత కోపమొచ్చింది. నెలాఖరు, ముప్పై రెండు ఫోన్లు, నవ్వుతూ చెప్పిన చెల్లెలి మొహం, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. ఎవడో ఒకడు పావుగంట పని చేయని పాపానికి ఇంతమంది బతుకులు వీధిన పడాలా?

"ఈ పని ఎవరి దగ్గర ఆగిపోయిందో నాకిప్పుడే తెలియాలి!" అని బల్ల గుద్దాడు. "నాలుగో నిబంధన ఈ పూటకి రద్దు. పేర్లు చెప్పండి. ఆ చివరి మనిషి ఎవరైనా సరే, సంఘం పుస్తకంలోంచి వాడి పేరు కొట్టేయాలి!"

"ఆమోదించాం," అన్నాడు అధ్యక్షుడు తక్షణమే. ఆ చివరి మనిషి తాను కాదని ఆయనకు గట్టిగా తెలుసు.

లెక్క తీశారు. అధ్యక్షుడు ఆ పనిని కాపలా కంపెనీ ఆయనకు ఇచ్చాడు. ఆయన తన దగ్గర మనుషులున్నారు గాని కార్లు లేవని కార్ల కంపెనీ ఆయనకు ఇచ్చాడు. ఆయన తన దగ్గర కార్లున్నాయి గాని డ్రైవర్లు లేరని, ఫోన్లు చేసి ఒకణ్ణి వెతికిపెట్టమని కార్యదర్శి చెల్లెలికి ఇచ్చాడు. ఆమె "ఎవరూ దొరకలేదు, ఇంకా ప్రయత్నిస్తున్నాం" అని పైకి రాస్తే, కార్ల ఆయన దాన్ని "చివరి దశలో ఉంది" అని దిద్దాడు, కాపలా ఆయన "దాదాపు పూర్తయింది" అని మెరుగుపెట్టాడు, అధ్యక్షుడు అతిథిని బయలుదేరదీశాడు. తిలా పాపం తలా పిడికెడు.

"నువ్వు చివరిగా ఎవరినడిగావు?" అన్నాడు కార్యదర్శి చెల్లెలితో.

"పోనీలే అన్నయ్యా."

"పోనీలే అంటే కుదరదు! రాలేనన్న ఆ పెద్దమనిషి ఎవరు?"

"వద్దన్నయ్యా, నా మాట విను."

"పేరు చెప్పు!"

"నువ్వే," అంది చెల్లెలు. "'తల ప్రాణం తోకకొచ్చింది, ఇంకెవరికైనా చెప్పుకో' అన్నావు."

లోపలి గదిలోంచి "మిషను బాగైందండీ!" అన్న కేక వినిపించింది. కార్యదర్శి నల్లబడ్డ తన చొక్కా చేతిని చూసుకుంటూ నిలబడ్డాడు. తన పేరు తానే కొట్టేసుకోవడానికి కలం కూడా జేబులో సిద్ధంగా ఉంది.

"ఒక్క నిమిషం," అంది అధికారిణి. వచ్చినప్పటి నుంచి ఆమె మాట్లాడటం అదే మొదలు. "ట్యాక్సీ ఎక్కి రావడం నాకు తెలియక కాదు. ఎవరొస్తారో చూద్దామని నిలబడ్డాను. ఎవరూ రాలేదు గాని, డ్రైవరుకి ఎన్ని మార్కులేస్తారని మాత్రం ఫోనొచ్చింది." సర్వే కంపెనీ ఆయన కుర్చీలో కిందికి జారాడు. "మాకు ఫోన్లు చేసేవాళ్ళు ఇల్లు కాలినవాళ్ళు, మనిషి పోయినవాళ్ళు. వాళ్ళకి చివరి దశలో ఉందని చెప్పే మనుషులు మాకక్కర్లేదు. పేరడిగి కదిలే మనిషి కావాలి. లేదా నా వల్ల కాదని అప్పటికప్పుడే నిజం చెప్పే మనిషి కావాలి. ఇవాళ నాకు అలాంటివాళ్ళు ఇద్దరే కనపడ్డారు. వాళ్ళిద్దరూ అన్నాచెల్లెళ్ళని ఇప్పుడే తెలిసింది."

ఫోన్ల పని మూడేళ్ళకు చెల్లెలి కంపెనీకి రాసి, అక్కడే సంతకం పెట్టింది. సంఘం పూచీ కింద ఈ కార్యదర్శి పేరే ఉండాలని, పుస్తకంలోంచి కొట్టేయకూడదని షరతు పెట్టింది. మిగతా సభ్యులకు పని కావాలంటే ముందు నాలుగో నిబంధన తిరగరాయాలి, చేతికందిన పని ఎవరిదో, ఎవరు చేస్తున్నారో అందరికీ తెలియాలి అంది. వారం రోజులుగా నవ్వుతూ తిరిగిన చెల్లెలు హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. కార్యదర్శి నల్లపొడి అంటని చేత్తో ఆమె తల నిమిరాడు.

సాయంత్రం బండికి ఆవిడను ఎవరు దింపాలన్న ప్రశ్న వచ్చింది. అధ్యక్షుడు "అది నాకొదిలేయండి" అనేలోపే కార్యదర్శి కారు తాళాల కోసం ఇంటికి పరుగెత్తాడు.

అతను స్టేషను నుంచి తిరిగొచ్చేసరికి సభ ముగిసింది. నాలుగో నిబంధనను వెంటనే తిరగరాయాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించి, ఆ పనిని ఒక సభ్యుడికి అప్పగించింది. ఎవరికని అడిగితే, కొత్తది రాసేదాకా పాతదే అమల్లో ఉంటుంది కనుక చెప్పకూడదన్నారు.