గుట్ట మీద సన్మానం

ఒక పెద్ద అడవిలో వాగు ఉండేది గానీ, ఎండాకాలంలో దాన్ని వాగనడానికి నోరు రాదు. అంతా ఇసకే. జంతువులన్నీ ఆ ఇసకలో ఒక చెలమ తవ్వుకుని, ఊరిన నీళ్లు వంతులవారీగా తాగేవి. నీళ్లు నిదానంగా ఊరతాయి కదా, వంతు వచ్చేదాకా అందరూ ఒడ్డున కూలబడి లోకాభిరామాయణం వేసుకునేవాళ్లు.

ఆ ఒడ్డునే ఒక బొరియలో మంగతాయి అనే ముళ్లపంది ఉండేది. కథలల్లడం ఆవిడ పని. పొద్దున విన్న గొడవ సాయంత్రానికి కథయ్యేది. చెబుతుంటే ఎలుగుబంటి "నేనలా అనలేదు" అని అడ్డు తగిలేది. అన్నావు, నేను విన్నానని అడవిపంది సాక్ష్యం చెప్పేది. కథ ఇంకాస్త ముదిరేది. ఎవరి మీద కథ వస్తే వాళ్లే ముందు నవ్వేవాళ్లు, అందుకే తగాదాలు కొమ్ములదాకా వెళ్లేవి కావు.

నవ్వనిది నక్క పానకాలు ఒక్కడే. అడవి సభకి కార్యదర్శి, చెలమ దగ్గర వంతులు చూసేదీ అతనే. వంతులు చూసే నక్క తన బామ్మర్దులకే ముందు నీళ్లు పడుతుందని మంగతాయి ఓ కథ చెప్పేసరికి, సభాధ్యక్షుడైన పులి కూడా కడుపు పట్టుకుని నవ్వింది. పులే నవ్వాక ఇక నిషేధించేదెలా?

పానకాలు బాగా ఆలోచించి సన్మానం పెట్టాడు.

మోదుగాకుల శాలువా కప్పి, ఇంత గొప్ప రచయిత్రి ఈ గోలలో ఉండటం అడవికే తలవంపులని కళ్లొత్తుకున్నాడు. గుట్ట మీద ఒక గుహ ఇప్పించాడు. చల్లగాలి, లోపలే నీటి ఊట, కావలసినంత నిశ్శబ్దం. ఎవరూ గుట్టెక్కి ఆవిణ్ణి ఇబ్బంది పెట్టకూడదని సభచేత తీర్మానం కూడా చేయించాడు. మంగతాయీ మురిసిపోయింది, అబద్ధమెందుకు? పొగడ్తకి పడనివాళ్లెవరు! ఆవిడ ఖాళీ చేసిన బొరియలో సాయంత్రానికల్లా పానకాలు బామ్మర్ది దిగాడు.

గుట్ట మీద ఆవిడ మొదట చందమామ గురించి అల్లింది. తర్వాత గాలి గురించి. తర్వాత మళ్లీ చందమామే. అడ్డు తగిలే ఎలుగుబంటి లేదు, సాక్ష్యం చెప్పే అడవిపంది లేదు. తనలో కథలు అయిపోయాయేమోనని భయమేసి ఒక్కతే కూర్చుని ఏడ్చింది. కింద మాత్రం ఏం బాగుంది గనక? నవ్వించేవాళ్లు లేక మాటామాటా పెరిగి దుప్పి కొమ్ము విరిగింది. ఎలుగుబంటీ అడవిపందీ మాటలు మానేశాయి.

తీర్మానం అందరికీ గానీ కార్యదర్శికి కాదు కదా. ఆవిడ తన మీద ఏమైనా అల్లుతోందేమోనని పానకాలు వారం వారం గుట్టెక్కేవాడు. మరో ప్రాణి మొహం కనబడటమే మంగతాయికి పండగ. కూర్చోబెట్టి రేగుపళ్లు పెట్టి, ఇంకేమిటి బాబూ విశేషాలు అని అడిగేది. పుట్టి బుద్ధెరిగాక తన మాట అంత శ్రద్ధగా విన్నవాళ్లు పానకాలుకి లేరు. ఒక వారం బామ్మర్దుల సంగతి చెప్పాడు. ఇంకో వారం, పులి నిద్రపోతుండగా దాని పంజా పట్టుకుని తీర్మానాల మీద ముద్ర ఎలా వేయిస్తాడో చెప్పి పడీపడీ నవ్వాడు. ముసలిదాని పని అయిపోయింది పాపం, అనుకుంటూ హాయిగా గుట్ట దిగేవాడు.

ఆ ధీమాతోనే ఆ ఏటి సభలో ఆవిణ్ణి వేదిక ఎక్కించాడు. ఎండిపోయిన రచయిత్రిని అందరూ కళ్లారా చూడాలని అతని కోరిక.

మంగతాయి గొంతు సవరించుకుని, ఒక నక్క ఉండేదని మొదలుపెట్టింది. బామ్మర్దుల దగ్గర అందరూ నవ్వారు. నిద్రపోతున్న పులి పంజా దగ్గరికి వచ్చేసరికి నవ్వులు ఆగిపోయాయి. పులి లేచి నిలబడింది.

"ఇదంతా నీకెవరు చెప్పారు?"

"గుట్టకి వచ్చేది పానకాలు బాబు ఒక్కడే కదండీ," అంది మంగతాయి. "ఇంకెవరి కథ చెప్పమంటారు?"

బామ్మర్ది ఖాళీ చేసిన తన బొరియకి ఆవిడ ఆ సాయంత్రమే తిరిగొచ్చింది. గుట్ట మీద గుహ పానకాలుకి దక్కింది, ఎవరూ ఇబ్బంది పెట్టకూడదన్న తీర్మానంతో సహా. చెలమ దగ్గర ఎలుగుబంటి అప్పుడే "నేనలా అనలేదు" అంటోంది.

కాబట్టి పెద్దలారా, రచయితని ఊరవతల పెట్టాలనుకుంటే పెట్టండి, పలకరించడానికి మాత్రం వెళ్లకండి.