గోడ నుంచి మూడో జత

ఓడ ట్రోండ్‌హైమ్ రేవులో ఆగి ఉండేది మధ్యాహ్నం ఒంటిగంట వరకే. ఆలోపు ఐలిఫ్ చేయవలసిన పని ఒక్కటే. నదికి అవతల బక్‌లాండెట్‌లో ఉంటున్న వదిన బోర్గిల్డ్ పుట్టినరోజుకు తన భార్య అల్లిన ఉన్ని చేతితొడుగులు అందించి, ఒక కప్పు కాఫీ తాగి, తిరిగి వచ్చేయడం. తూరిడ్‌కు మోకాళ్ళ నొప్పి. గాజులా గడ్డకట్టిన వీధుల్లో నడిచే సాహసం చేయలేక ఆమె ఓడలోనే ఉండిపోయింది.

"పదేళ్ళు పోరితే ఇప్పటికి తీసుకొచ్చావు ఈ ప్రయాణానికి," అందామె. "ఓడ తప్పావంటే నీకోసం దిగను. ఉత్తరాన రాత్రి ఆకాశంలో ఆడే ఆ రంగుల వెలుగులు నేనొక్కదాన్నే చూసుకుంటాను."

"జీవితమంతా భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. దూరం, వేగం, కాలం నాకు వేళ్ళ మీద ఉంటాయి."

"పోయినసారి రైలు తప్పినప్పుడు కూడా వేళ్ళ మీదే ఉన్నాయి."

బోర్గిల్డ్ ఇంటి గుమ్మంలో బూట్లు గుట్టగా పడి ఉన్నాయి. ఊరంతా కూడబలుక్కుని ఒకే అంగడిలో కొన్నట్టు అన్నీ నల్లవే. ఐలిఫ్ తన జతను గోడ నుంచి మూడో స్థానంలో పెట్టి, ఆ విషయాన్ని మనసులో భద్రంగా నమోదు చేసుకున్నాడు.

లోపల బంధువులూ ఇరుగుపొరుగూ ఉన్ని సాక్సులతో కూర్చుని వాఫుల్స్ తింటున్నారు. సాక్సుల్లో ఉన్న మనుషుల్లో న్యాయమూర్తి ఎవరో బస్సు డ్రైవరు ఎవరో చెప్పడం కష్టం. ఐలిఫ్ పక్కన హాల్వార్ అనే నెరిసిన గడ్డపాయన కూర్చున్నాడు. ఆయనకు ఐలిఫ్ ఆటుపోట్ల గురించి వివరించాడు.

"ఈ రోజుల్లో ఓడ నడపడంలో ఏముందండీ? అంతా యంత్రాలే చూసుకుంటాయి. పైన టోపీ పెట్టుకుని ఒకాయన నిలబడతాడంతే. కానీ ఒకటి, ఓడ ఎవరికోసమూ ఆగదు."

"ఆగకూడదు కూడా," అన్నాడు హాల్వార్, వాఫుల్ మీద చీజ్ ముక్క సర్దుకుంటూ.

ఈలోగా ఎవరో పొయ్యిలోకి కట్టెలు తెస్తూ బూట్ల గుట్టను కాలితో పక్కకు నెట్టారు. ఐలిఫ్ సెలవు తీసుకుని, గోడ నుంచి మూడో జతను తొడుక్కుని బయటపడ్డాడు. బూట్లు వదులుగా ఉన్నాయి. చలికి ప్రతి పదార్థమూ కొంత కుంచించుకుపోతుంది, పాదం మాత్రం మినహాయింపా అనుకున్నాడు. సిద్ధాంతానికీ పాదానికీ పొత్తు కుదరనప్పుడు ఆయన పాదాన్నే తప్పుపట్టాడు.

పాత వంతెన దాటుతుండగా ఫోను మోగింది.

"ఏమయ్యా ఐలిఫ్, ఎవరి బూట్లు వేసుకుపోయావు?" బోర్గిల్డ్ గొంతు. "హాల్వార్ సాక్సులతో గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన డ్యూటీకి వెళ్ళాలి!"

"నావి ఇచ్చెయ్, వదినా!"

"నీవి ఆయన కాలి వేళ్ళకే చాలడంలేదు! ఇంతకీ ఆయన ఎవరనుకున్నావు? మన..."

చలికి ఫోను బ్యాటరీ కన్నుమూసింది. రేవు ముందుంది, వదిన ఇల్లు వెనక ఉంది. పరాయివాడి బూట్లతో ఉత్తరానికి పారిపోయిన మనిషిగా భార్య పక్కన నిలబడటం ఐలిఫ్ ఊహకు అందలేదు. వెనక్కి తిరిగాడు. ఆ బూట్లు ఒక అడుగు ముందుకు వేస్తే అర అడుగు వెనక్కి జారాయి. దారిలో రెండుసార్లు కూలబడ్డాడు. రెండోసారి లేచేసరికి టోపీ నది వైపు దొర్లిపోయింది.

బోర్గిల్డ్ తలుపు దగ్గరే ఎదురైంది. "మళ్ళీ వచ్చావా! హాల్వార్ ఇప్పుడే వెళ్ళాడయ్యా, పోయిన మా ఆయన స్కీ బూట్లు తొడుక్కుని. నువ్వు పెద్ద చర్చి దగ్గర దొరుకుతావని అడ్డదారిన నేనే పంపాను. ఎప్పుడొచ్చినా ఆ స్తంభాల బరువు లెక్కగట్టకుండా కదలవు కదా!"

"ఇవాళ కాదు, వదినా!"

"ఆ ముక్క నాకేం తెలుసు? అసలు ఆయన ఎవరో..."

"ఎవరైతేనేం, నా ఓడ వెళ్ళిపోతోంది!" తన బూట్లు తను తొడుక్కుని, హాల్వార్ బూట్లను లేసులతో ముడివేసి మెడలో తగిలించుకుని ఐలిఫ్ పరుగెత్తాడు.

చర్చి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. ముఖద్వారం మీద వరుసగా నిలబడ్డ రాతి మహాత్ములు ఆయన మెడ వైపు వింతగా చూశారు. హాల్వార్ జాడ లేదు. అంతలో రేవు వైపు నుంచి ఓడ కూత దీర్ఘంగా వినిపించింది. గోపుర గడియారం ఒంటిగంట ఎప్పుడో దాటేసింది. నలభై ఏళ్ళుగా పైవాణ్ణి ఏ సహాయమూ అడగని ఐలిఫ్, ఆ పరికల్పనను ఆ క్షణాన సానుభూతితో పరిశీలించాడు.

ఓడ లేని రేవు ఎలా ఉంటుందో, తూరిడ్‌కు ఏమని చెప్పుకోవాలో ఆలోచిస్తూ చివరి మలుపు తిరిగాడు. ఓడ అక్కడే ఉంది. మెట్లు దించే ఉన్నాయి. మంచు మీదే కూర్చుని హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"కూర్చున్నావేం, ఎక్కు!" పైనుంచి తూరిడ్ అరిచింది. "బతికిపోయావు. ఈ ఊళ్ళో ఎక్కాల్సిన కెప్టెన్ ఇంకా రాలేదు. కూత వేసి మరీ పిలుస్తున్నారు. ఎవడో ఆయన బూట్లు ఎత్తుకుపోయాడట. ఎంత బుద్ధిలేనివాడో! అవునూ, నీ మెడలో అవేంటి?"

ఐలిఫ్ నోరు తెరిచేలోగా వెనక నుంచి టక్ టక్‌మని చప్పుడు. ముందుకు పొడుచుకొచ్చిన స్కీ బూట్లతో, బాతులా ఊగుతూ హాల్వార్ వస్తున్నాడు. ఆగాడు. ఐలిఫ్ మెడలోంచి లేసులను దండ తీసినట్టు మర్యాదగా తీసుకున్నాడు.

"చర్చి చుట్టూ రెండుసార్లు తిరిగాను, మాస్టారూ. మీరు ఎక్కండి ముందు. ఓడ ఎవరికోసమూ ఆగదు కదా."

కాసేపటికి ఓడ కదిలింది. క్యాబిన్ గుమ్మంలో తూరిడ్ చేతులు కట్టుకుని నిలబడి ఉండగా, పైన స్పీకరులో హాల్వార్ గొంతు గంభీరంగా పలికింది. "సాంకేతిక కారణాల వల్ల జరిగిన ఆలస్యానికి చింతిస్తున్నాం."

తూరిడ్ భర్త పాదాల వైపు చూసింది.

"ఆ సాంకేతిక కారణాలను బయటే విప్పి లోపలికి రా."